మబ్బును చూసిన కావలివాడు

కల్లంలో ఆరబోసిన మా అక్క మిరపకాయల మీద వాన పడింది. పది అడుగుల దూరంలో, పాకలో, పొడిగా, నేను పద్మాసనంలో ఉన్నాను. వాటికి కావలి కూడా నేనే.

ముప్పయ్యేళ్లు పత్రికలో పనిచేసి రిటైరయ్యాక, నాకూ అంతరంగం అనేది ఒకటి ఉందని ఫోన్‌లో ఒక గురువుగారి వీడియో చూసి తెలిసింది. ఏడు రోజులు నోరు విప్పకూడదు, కదలకూడదు, మనసులోకి ఏది వచ్చినా ఊరికే చూడాలి. అప్పుడు తృప్తి దానంతట అదే ఊరుతుందని ఆయన హామీ ఇచ్చారు. గుంటూరులో మా వీధిలో అది ఊరే అవకాశం లేదు. అందుకని చిలకలూరిపేట దగ్గర అక్క వాళ్ల ఊరు వెళ్లాను.

నా వ్రతం సంగతి విని అక్క ఎంతో సంతోషించింది.

"కదలకుండా కూర్చుంటావా? ఇంకేం! కావలికి మనిషి దొరక్క చస్తున్నా. మబ్బు పడితే ఒక్క కేక వెయ్యరా, వచ్చి పట్టలు కప్పేస్తాం."

తల ఊపాను. వ్రతంలో తల ఊపొచ్చు.

మూడు రోజులు దివ్యంగా గడిచాయి, తుమ్ములు మినహా. రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీల్లో ఒక పెద్దావిడ పొద్దున్నే వచ్చి నన్ను పరీక్షగా చూసేది. "ఏం బాబుగారూ, లోపల ఏమన్నా కనపడిందా?" అనేది. చిరునవ్వు నవ్వేవాణ్ణి. అదీ గురువుగారు నేర్పిందే.

నాలుగో రోజు మధ్యాహ్నం కూలీలు అన్నాలకు ఇళ్లకు వెళ్లారు. కావలి ఉన్నాడన్న ధీమాతో అక్క ఇంట్లో నడుం వాల్చింది. పడమట మబ్బు లేచింది. చూశాను. వస్తుంది, పోతుంది అనుకున్నాను. కంగారు పుట్టింది. దాన్నీ చూశాను. ఏటా అకాల వర్షానికి "అన్నదాత విలవిల" అని శీర్షిక పెట్టింది నేనే. అయినా కేక వేయలేదు. అంత చక్కటి నిశ్చలత నాకు అంతకుముందెన్నడూ కుదరలేదు మరి.

చినుకులు పడ్డాక అందరూ పరుగెత్తుకొచ్చారు. పట్ట కొస లాగుతూ పెద్దావిడ నా మీద అరిచింది:

"లెగండి బాబుగారూ! వానొస్తే మా పాస్టరుగారే ప్రార్థన ఆపి కల్లానికి పరిగెత్తుతారు!"

లేచి ఓ కొస పట్టుకున్నాను. వ్రతం అంతటితో సరి. అప్పటికే కాయలు సగం తడిశాయి. ఎండ వచ్చాక మళ్లీ ఆరబోశారు కానీ, రెండు రోజుల్లో అవి తెల్లబడి తాలుకాయల్లో కలిశాయి. నారు పోసిన నాటి నుంచి ఆ చేలోనే వంగి పనిచేసిన అక్క, వాటిని చేత్తో తిరగేస్తూ అడిగింది:

"ఏరా, మబ్బు కనపడలేదా నీకు?"

"కళ్లు మూసుకుని ఉన్నానక్కా."

"పోన్లేరా. ధ్యానంలో ఉన్నావుగా."

ఊళ్లో ఎవరైనా నన్ను తప్పుపడితే ఆమె ఇప్పటికీ ఊరుకోదట. కళ్లు మూసుకున్నవాడికి మబ్బు ఎలా కనిపిస్తుందని నా తరఫున తగవుకు దిగుతుందట. నేను చూశానని ఆమెకు ఇంకా చెప్పలేదు.