నాప్‌కిన్ మడిచిన పాపానికి

ఇప్పుడు అమెరికాలోని పార్సిప్పనీలో ఏ వీధి మలుపు తిరిగినా ఇడ్లీ సాంబారు దొరుకుతుందట. ఆ రోజుల్లో, అంటే నేను నా మొదటి ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నాలాంటి శాకాహారికి వారమంతా ఆఫీసు కాంటీన్‌లో బ్రెడ్డూ చీజూ నమలడమే గతి. ఆదివారం మాత్రం నా రూమ్మేట్ పప్పుచారు పెట్టేవాడు. వరంగల్ నుంచి వచ్చినవాడు, మేమంతా చెఫ్ బావ అని పిలిచేవాళ్ళం. ఆ పప్పుచారు కోసం శుక్రవారం నుంచే నాలిక ఎదురుచూస్తూ ఉండేది. అలాంటి ఆదివారాలను దాదాపు రెండేళ్ళపాటు ఉడకబెట్టిన క్యాబేజీకి ధారపోసిన ఘనుణ్ణి నేను. ఎవరూ బలవంతం చెయ్యలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడినవాడు. చాటుగా ఆయన్ని దొరగారు అనీ, ఆయన భార్యని దొరసానమ్మ అనీ అనుకునేవాళ్ళం. పిల్లల్లేరు. వచ్చి పాతికేళ్ళయినా వాళ్ళ వంటింట్లోకి అమెరికా అడుగుపెట్టలేదు. వేడినీళ్ళు పోసి టీపాట్‌ని ముందు వెచ్చచేసి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు టీ ఆకు వేసి, చల్లారకుండా దానికి ఊలు టోపీ తొడిగేవారు. అమెరికన్లు టీలో ఐసు వేసుకుంటారని చెప్పేటప్పుడు, తెలిసినవాళ్ళింట్లో జరిగిన అప్రతిష్ఠ గురించి చెప్పినట్టు దొరగారి గొంతు తగ్గిపోయేది.

ఒకరోజు మర్యాదకి నన్ను ఆదివారం భోజనానికి రమ్మన్నారు. సరిగ్గా ఒంటిగంటకి. దొరగారు లేచి నిలబడి, పూజ చేస్తున్నంత శ్రద్ధగా కాల్చిన మాంసం కోసి వడ్డించుకున్నారు (నేను కిటికీ బయట ఉన్న చెట్టుని అంతే శ్రద్ధగా చూశాను). నాకు వేపిన బంగాళాదుంపలు, క్యారెట్లు, బఠాణీలు, తాను క్యాబేజీనన్న సంగతి మరిచిపోయేదాకా ఉడికిన క్యాబేజీ. యార్క్‌షైర్ పుడ్డింగ్ అని గుల్లగా పొంగిన ఒక పదార్థం; మామూలుగా మాంసం కొవ్వులో చేస్తారట, నా కోసం విడిగా నూనెతో చేశారావిడ. గుడ్డు వరకూ నాకు అభ్యంతరం లేదు కాబట్టి తిన్నాను. ఉప్పు ఉందో లేదో తెలియని ఆ బల్ల మీద నన్ను కాపాడింది వాళ్ళ ఆవముద్ద ఒక్కటే. అది ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది. నేను దాన్ని పచ్చడిలా చెంచాలతో వేసుకుంటుంటే దొరగారు ఫోర్కు పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయారు.

భోజనం అయింది. పెద్దవాళ్ళింట్లో తిన్నాక విస్తరిని మనవైపుకి మడవాలని, భోజనం తృప్తిగా ఉంది, ఈ అనుబంధం ఇలాగే సాగాలి అని దానర్థమని మా నాయనమ్మ నేర్పింది. ఇక్కడ ఉన్నది పింగాణీ పళ్ళెం. మడవడానికి దొరికింది ఒళ్ళో ఉన్న బట్ట నాప్‌కిన్ ఒక్కటే. దాన్నే బల్ల మీద పరిచి, నావైపుకి శుభ్రంగా మడిచి, అరచేత్తో నొక్కాను. దొరసానమ్మ దొరగారి వైపు చూసింది. దొరగారు గొంతు సవరించుకున్నారు. కాస్సేపటికి ఆవిడ, “అయితే వచ్చే ఆదివారం కూడా ఒంటిగంటకే,” అంది.

ఆ వచ్చే ఆదివారం నా పళ్ళెం పక్కన ఒక చెక్క రింగు ఉంది. కర్టెన్‌ది ఊడి పడిందనుకుని తీసి ఇవ్వబోయాను. మడిచిన నాప్‌కిన్‌ని చుట్టి అందులో దూర్చాలని ఆవిడ చూపించింది. అప్పట్నుంచి ప్రతివారం నేను మడవడం, ప్రతివారం ఆవిడ పిలవడం. ముసలివాళ్ళు అంత పట్టుగా పిలుస్తుంటే కాదని ఎలా అంటాం? “ఒక్కపారి రానని చెప్పరాదుర బై, నా పప్పుచారు సగం పారబోస్తున్న,” అని చెఫ్ బావ గొణిగేవాడు. నేను మాత్రం వెళ్ళి, ఫోర్కు వీపు మీదికి బఠాణీలు ఎక్కించడం నేర్చుకుని, భోజనమయ్యాక దొరగారికి నేను రాసే కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి నాలుగింటిదాకా చెప్పేవాణ్ణి. ఆయన వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని వినేవారు. అంత ఏకాగ్రత నేను ఎవరిలోనూ చూడలేదు.

రెండో చలికాలంలో దొరగారు గుండెపోటుతో పోయారు. అంత్యక్రియలయ్యాక ఇంటి దగ్గర అందరికీ టీ, శాండ్‌విచ్‌లు పెడతారని తెలిసి బయల్దేరుతుంటే చెఫ్ బావ వెనక్కి పిలిచాడు. “చావింట్ల తిన్నంక మనదిక్కు మడవద్దు. ఇసొంటి తిండికి మళ్లొస్తమన్నట్టయితది,” అన్నాడు. మా నాయనమ్మ కూడా అదే చెప్పేది.

అక్కడ అందరికీ మాంసం శాండ్‌విచ్‌లు. నా పాత చోట్లో మాత్రం, నా రింగు పక్కన చిన్న పళ్ళెంలో, కీరదోస ముక్కలతో నాలుగు విడిగా ఉన్నాయి. భర్తని మట్టిలో పెట్టి వచ్చిన రోజున కూడా ఆవిడ నా తిండి సంగతి మరిచిపోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎలాగో తిని, నాప్‌కిన్ మడవకుండా బల్ల మీద వదిలేశాను. అన్నీ తీస్తూ వచ్చిన దొరసానమ్మ నా చోటు దగ్గర ఆగింది. ఖాళీ రింగుని చేతిలోకి తీసుకుంది. గుమ్మం దగ్గర, “ఇన్నాళ్ళూ వచ్చావు, చాలా సంతోషం,” అంది. వచ్చే ఆదివారం మాట ఎత్తలేదు.

పిలవకపోతే ఎలా వెళ్తాం? ఆయన స్నేహితుణ్ణి, ఆయనే లేరు, ఇక నా పనేముంది అనుకున్నాను. మూడు ఆదివారాలు పప్పుచారు తిన్నాను. మూడుసార్లూ ఒంటిగంటకి గడియారం వైపు చూశాను. ఆవిడ ఒక్కతే ఆ బల్ల ముందు కూర్చుని ఉంటుందన్న ఆలోచనతో సగంలోనే లేచేవాణ్ణి. నాలుగో ఆదివారం చెఫ్ బావే పప్పుచారు డబ్బాలో పోసి, కారు తాళాలు నా చేతిలో పెట్టాడు.

తలుపు తీసిన దొరసానమ్మ బాగా చిక్కిపోయింది. బల్ల మీద ఒక్క పళ్ళెమే ఉంది. “ఆ రోజు మడవకుండా వెళ్ళావు. ఇక రావని అర్థమైంది,” అంది. అందులో నిష్ఠూరం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను విస్తరి సంగతంతా చెప్పాను. ఎప్పుడు మడవాలో, ఎప్పుడు మడవకూడదో, మా నాయనమ్మతో సహా. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత తన సంగతి చెప్పింది. వాళ్ళ పద్ధతిలో భోజనానికి వచ్చినవాళ్ళు నాప్‌కిన్‌ని మడవకుండా వదిలేసి వెళ్తారట. ఇంట్లోవాళ్ళే మళ్ళీ పూటకి మడిచి దాచుకుంటారు. అతిథి మడిచాడంటే, మళ్ళీ పూటకి కూడా ఇక్కడే తింటానని చెప్పినట్టు.

“నువ్వు వెళ్ళాక ఆయన, పాపం కుర్రాడికి మన వంట అంత నచ్చింది, నోటితో అడగలేక మడిచాడు, రానీ అన్నారు. ఆదివారం మధ్యాహ్నం నిద్రంటే ఆయనకి ప్రాణం. నీ కోసం మానేశారు.”

వాలుకుర్చీలో ఆ ఏకాగ్రత గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను. నేను పప్పుచారుని త్యాగం చేశాననుకుంటూ ఉంటే, ఆయన నా ప్రోగ్రాముల కోసం నిద్రని త్యాగం చేశారు. అది చెబితే ఆవిడ నవ్వింది, ఆయన పోయాక అదే మొదటిసారట. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. లేచి సొరుగులోంచి నా రింగు తెచ్చి పెట్టింది. పప్పుచారు చెంచాతో సూప్‌లా తాగి, ఆవముద్ద కంటే నయమని మెచ్చుకుని, తన నాప్‌కిన్‌ని తనవైపుకి మడిచి, సరిగ్గానే మడిచానా అని అడిగింది.

మరో నాలుగేళ్ళు ఆదివారాలు అక్కడే గడిచాయి. ఉద్యోగం మారి వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్ వచ్చేసేముందు చివరి భోజనానికి వెళ్ళినప్పుడు, మడవాలో వద్దో తెలియక చెయ్యి ఆగిపోయింది. మడిస్తే అబద్ధం, మడవకపోతే అంతకంటే ఘోరం. ఆవిడ నా వైపు చూడకుండా టీపాట్‌కి టోపీ తొడుగుతోంది. మడిచాను. రింగులో పెట్టాను. ఆవిడ దాన్ని సొరుగులో దాచింది.

నేను మళ్ళీ అక్కడ భోంచేసే లోపే ఆవిడ కన్నుమూసింది. ఇప్పుడు ఏ హోటల్‌కి వెళ్ళినా, తిన్నాక కాగితం నాప్‌కిన్‌ని నావైపుకి మడిచి అరచేత్తో నొక్కుతాను. “నాన్నా, అది ట్రాష్‌లోకే కదా,” అంటుంది అమ్మాయి. అవునంటాను. ఒంటిగంట దాటిందేమోనని గడియారం వైపు చూసి, లేస్తాను.