చేపల బండిని పైకి లేపిన వైనం

మా చేపల బండి చాలా పాతది. నాలుగు చక్రాలకూ గేరు పడే పికప్. ఇంజను ఇప్పటికీ చెప్పిన మాట వింటుంది, తలుపులే వినవు. భవానీపురంలో తెల్లారగట్ల అది స్టార్టయ్యాక ఇక మా వీధిలో ఎవరికీ నిద్ర ఉండదు. కైకలూరు వైపు చెరువుల దగ్గర చేపలు కొని బెజవాడ మార్కెట్లో అమ్మడం నా పని. బండి నడిపేది కూడా నేనే. మా ఆయన పక్కన కూర్చుని స్పీడు చూపించే ముల్లు మీదే కళ్ళు పెట్టుకుంటారు. అది నలభై అయిదు దాటితే గొంతు సవరించుకుంటారు.

కిందటి వానాకాలం ఒక చెరువు దగ్గర నా పరువు పోయింది. తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్ల గట్టు బాట ఉంది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు వైపులా లోతుగా గాడులు పడి, మధ్యలో మట్టి దిబ్బలాగా మిగిలిపోయింది. మా బండి ఆ దిబ్బ మీద పొట్ట ఆనించి కూర్చుంది. అవతల వల లాగేశారు. ట్రాక్టరు వచ్చి మమ్మల్ని లాగేసరికి మధ్యాహ్నం దాటింది, ఐసు సగం నీళ్ళయింది.

చెరువు రైతు పెద్దమనిషి, గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఏమనుకోమాకండమ్మా. వచ్చే ఏడు వానల్లో కూడా ఇట్టాగే అయితే సరుకు లారీవాళ్ళకి ఇచ్చేస్తానండి. నా ఇబ్బంది కూడా చూడాలిగా మీరు” అన్నాడు.

నేను ఈ వ్యాపారంలోకి దిగిన కొత్తలో ప్రతి రైతూ “మీ ఆయన రాలేదా?” అని నా వెనక చూసేవాడు. ఆ మాట అడక్కుండా నాకు చేపలు తూచి ఇచ్చిన మొదటి మనిషి ఈయనే. పద్దెనిమిదేళ్ళుగా ఆ చెరువు నాదే అనుకుంటున్నాను. అది లారీవాళ్ళ చేతికి పోతుందంటే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆటోనగర్‌లో బండ్లు బాగుచేసే మేస్త్రి ఒకాయన మాకు తెలుసు. బండి నాది, దాన్ని పైకి లేపమని అడిగింది నేను, ఆయన మాత్రం జవాబు మా ఆయనకు చెప్పాడు.

“ఇరుసు మీద బరువు మోసే కమాన్ కట్టలు ఎత్తితే బాడీ లేస్తుంది సార్, ఇరుసు మధ్యలో ఉండే గుండు లేవదు. దిబ్బకి కొట్టుకునేది ఆ గుండే. అది లేవాలంటే టైరు పెద్దదవ్వాలి. పెద్ద టైరు మడ్‌గార్డుకి తగలకూడదంటే మళ్ళీ బాడీ లేవాలి.”

“అంటే?” అన్నారు మా ఆయన.

“అంటే రెండూ చెయ్యాలి” అన్నాను నేను. మేస్త్రి అప్పుడు నా వైపు తిరిగాడు. ఆ తరవాత మా ఆయన వైపు చూడలేదు.

ఇందుకోసం కంపెనీలు తయారుచేసే సామాను ఉందట. దాని ధర వింటే మా బండి సిగ్గుపడుతుంది. అందుకని పాతసామాను కొట్లన్నీ తిరిగాము. విప్పేసిన లారీ నుంచి ఒక్కో కట్టలో వెయ్యడానికి రెండేసి ఇనప పట్టీలు దొరికాయి. కట్ట చివర వేలాడే లింకులు పొడుగువి కావాలంటే లేతు మిషను దగ్గర చేయించాము. టైర్లు ఎవరో కాంట్రాక్టరు జీపువి, అరుగుదల ఉన్నా ప్రాణం ఉన్నవి. బ్రేకు గొట్టాలు మాత్రం కొత్తవి వేయించాను. పొదుపు చెయ్యడానికి అది చోటు కాదని మేస్త్రి నా మొహం మీదే చెప్పాడు, అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

“బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే ఏం చెబుతావ్?” అని మా ఆయన రోజుకోసారి అడిగారు. “మీరు చెబుదురుగాని, అందుకే తీసుకెళ్తున్నా” అన్నాను.

నాలుగు రోజులకు బండి తయారైంది. మొత్తం మీద ఏడంగుళాలు లేచింది. చుట్టూ తిరిగి చూసుకుని మురిసిపోయాను. ఎక్కబోతే కాలు అందలేదు. నేను అయిదడుగుల మనిషిని. చీర ఎగ్గట్టి, తలుపు పట్టుకుని, మేస్త్రి తెచ్చిన ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడి ఎక్కాను. ఆ స్టూలు తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడది సీటు వెనకే ఉంటుంది.

లారీ పట్టీలు వేశాక ఖాళీ బండి చిన్న గోతికి కూడా ఎగిరిపడేది. మా ఆయన క్యారేజీలో పప్పూ పెరుగూ కలిసిపోయాయి. అయినా ఆయన సంతోషంగానే ఉన్నారు.

“ఇప్పుడు పద్ధతిగా నడుపుతున్నావ్. ముల్లు నలభై దాటట్లేదు” అన్నారు.

టైరు పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుందని మేస్త్రి నాకొక్కదానికే చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను.

జూలైలో రెండు రోజులు ఏకధాటిగా కురిసింది. మూడోరోజు పొద్దున్నే రైతు ఫోను చేశాడు. “వల వేశామండి. వస్తారా, లారీకి చెప్పనా?”

ఎందుకైనా మంచిదని ముందే పిలిచినట్టున్నాడు, మేము వెళ్ళేసరికి ఆ లారీ అప్పటికే తారు రోడ్డు మీద ఆగి ఉంది. గట్టు బాట కలిపిన పిండిలాగా ఉంది. నాలుగు చక్రాలకూ గేరు వేసి బండిని బాటలోకి దించాను. మా ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. బండి అటూ ఇటూ ఊగింది, బురద అద్దం మీద పడింది, కానీ పొట్ట ఎక్కడా ఆనలేదు. ప్రార్థన పూర్తికాకముందే చెరువు దగ్గరున్నాము. స్టూలు వేసుకుని రాణిలా దిగాను.

ఆ గర్వం అయిదు నిమిషాలుంది.

అక్కడ ట్రేలు మోసేది ఆడవాళ్ళు. నిండిన ట్రేను ఇద్దరు చెరో పక్క పట్టి, ఒక్క ఊపుతో బండి తొట్టిలోకి తోస్తారు. తొట్టి అంచు ఇదివరకు వాళ్ళ గుండెల దాకా ఉండేది. ఇప్పుడు గడ్డం దాకా వచ్చింది. మొదటి ట్రే అంచుకు తగిలి బోర్లాపడింది. శీలావతులు బురదలో దొర్లాయి, ఒకటి మళ్ళీ చెరువులోకే వెళ్ళిపోయింది. వాళ్ళలో పెద్దామె, నేను ఈ వ్యాపారం మొదలుపెట్టిన నాటి నుంచీ నా చేపలు మోసిన మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“బండినెత్తావు, బానే ఉంది. మమ్మల్నెవరు ఎత్తుతారమ్మా?”

అందరూ నవ్వారు. రైతు నవ్వలేదు. ట్రాక్టరు మీద సరుకును లారీ దాకా చేర్చెయ్యొచ్చని ఆయనకు తోచినట్టుంది, జేబులోంచి ఫోను తీశాడు. బండి కింద ఎంత ఖాళీ కావాలో నెల రోజులు లెక్కలేశాను. బండి పైకి చేపలు ఎలా ఎక్కుతాయో ఒక్కసారైనా ఆలోచించలేదు.

పెద్దామె గట్టుకు అవతల వైపు చూపించింది. అక్కడ నీళ్ళు తోడి ఎండగట్టిన చెరువు, వానకు అడుగంతా బురదగా ఉంది. “అందులోకి దించి గట్టు పక్కన ఆపు. తొట్టి మా కాళ్ళ దగ్గరికొస్తది. జారుస్తాం.”

మా ఆయన వెంటనే బండి దిగి గట్టు మీద నిలబడ్డారు. మట్టి తీసే యంత్రం కోసం చేసిన వాలు మీదుగా నేనొక్కదాన్నే దించాను. చక్రాలు సగం దాకా మునిగాయి, కానీ తిరుగుతూనే ఉన్నాయి. చేపలకు మేత వేసే పడవలో ఉన్న పొడుగాటి చెక్కను గట్టు మీంచి తొట్టికి వేశారు. ట్రేలు వరసగా జారుతూ వచ్చాయి. ఒక్కటి కూడా ఎత్తాల్సిన పని పడలేదు. బరువు పడ్డాక కమాన్ కట్టలు కుదురుకున్నాయి. వాలు ఎక్కుతుంటే పెద్దామె తన మనుషులతో వెనక నుంచి తోసింది. రైతు ఫోను జేబులో పెట్టుకుని, “తరవాతి చెరువుకి కూడా మీరే రండమ్మా” అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

పెద్దామె దగ్గరికొచ్చి మెడ నిమురుకుంటూ అడిగింది. “ఈ చెక్కేదో మొదట్లోనే వెయ్యాల్సిందిగా. ఇన్నేళ్ళూ ఎందుకు మోయించావమ్మా?”

నిజమే. చెరువులోకి దిగక్కర్లేదు. గట్టు పక్కన ఏ పల్లంలో ఆపినా పాత బండికే సరిపోయేది. చేపలు ఎక్కించడానికి పెద్ద టైర్లతో పనే లేదు.

“తోచలేదే” అన్నాను. సిగ్గేసింది. ఆమె స్టూలు తీసుకొచ్చి తలుపు దగ్గర వేసి, నేను ఎక్కేదాకా నా మోచెయ్యి పట్టుకుంది.