తల లేని పిల్లకి నేను తీసిన దిష్టి

మీరు దిష్టి ఎవరికి తీస్తారు? పసిపిల్లలకి తీస్తారు, కొత్త దంపతులకి తీస్తారు, మహా అయితే కొత్త కారుకి తీస్తారు. నేను ఒక తివాచీకి తీశాను. తీసి, కరోనా కాలంలో, ఐర్లండులోని అత్లోన్ ఊళ్ళో, మా వీధి వీధంతా దగ్గేలా చేశాను. ఆ రోజుల్లో దగ్గంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. తుపాకీ పేల్చినా జనం అంత దూరం పరిగెత్తేవాళ్ళు కాదు.

మా ఆయన డాక్టరు. కరోనా వార్డులో డ్యూటీ. ఇంటికొస్తే మాకు అంటిస్తానేమోనని తోటి డాక్టర్లతో కలిసి విడిగా ఉండేవారు. ఇంట్లో నేనూ, మా అమ్మాయి నిత్య. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అత్లోన్ యాస ఇంగ్లీషులో ఇస్తుంది. ఎట్టకేలకు ఆయనకి వార్డు మారింది. "ఆదివారం వచ్చేస్తున్నా సుధా," అన్నారు ఫోన్లో. ఆ ఆదివారం తప్ప నాకు ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి మోరా ఆంటీ ఇల్లు సర్దుకుంటూ, గోడ మీదుగా ఒక తివాచీ అందించింది. ఒంటరి పెద్దావిడ. "పర్షియాది. కొండల్లో తిరిగే జాతి ఆడవాళ్ళు చేత్తో నేసింది. మా ఆయన తెచ్చాడు. నీ ముందు గదిలో వేసుకో, గ్రాండ్‌గా ఉంటుంది," అని, వదిలించుకుంటే చాలన్నట్టు గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్రటి తివాచీ. అంచు వెంట చేతులు పట్టుకుని నిలబడ్డ బుల్లి బుల్లి ఆడవాళ్ళు. అందరికీ కళ్ళున్నాయి, జడలున్నాయి. చిట్టచివరి ఆమెకి మాత్రం తల లేదు. మెడ దాకా నేసి ఉంది, ఆ పైన అంతా గోధుమరంగు ముద్ద. తేమ తగిలితే చాలు, గది నిండా తడిసిన గొర్రె వాసన.

"మమ్మీ, షీ హ్యాజ్ నో హెడ్," అంది నిత్య.

"అదేదో కథ ఉంటుందిలేవే," అన్నాను. అన్నదాన్ని ఊరుకోవచ్చుగా? పనిలేనివాడు పిల్లి తల గొరిగాడన్న సామెత ఉంది కదా, నాకు పిల్లి దొరక్క తివాచీ దొరికింది. కథ అల్లేశాను. నేసిన పిల్ల పేరు గుల్. మొగుడు గొర్రెల్ని తోలుకుని కొండ అవతలికి వెళ్ళాడు. ఫలానా రోజు వస్తానన్నాడు. అతను తిరిగొచ్చేలోపు పూర్తి చెయ్యాలని గుల్ నేస్తూ కూర్చుంది. చివరి బొమ్మ మెడ దాకా వచ్చేసరికి, అతను ఇక రాడని కబురు వచ్చింది. అంతే, చెయ్యి ఆగిపోయింది. అల్లింది నేను, ఏడ్చింది నేను, నమ్మిందీ నేనే! వస్తానన్న రోజుకి రాని మొగుడు. మా ఆయనా ఆదివారం వస్తానన్నారు.

ఆ మధ్యాహ్నమే మొదలైంది. నిత్య మేడ మీద ఆన్‌లైన్ క్లాసులో ఉంది. ముందు గదిలోంచి చప్పుడు. టక్... టక్... టక్. మగ్గం మీద పోగు బిగించి కొట్టినట్టు. లేచి వెళ్తే ఆగిపోయేది. వచ్చి కూర్చుంటే మళ్ళీ టక్... టక్. గదిని వేడిచేసే రేడియేటరేమోనని చెయ్యి పెట్టి చూశాను, మంచులా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన నవ్వుతారు, పిల్ల జడుసుకుంటుంది.

శనివారం వాన పట్టుకుంది. ఇల్లంతా చెమ్మ. కానీ తివాచీకి గొర్రె వాసన లేదు! వంగి ముక్కు ఆనించాను. ఏమీ లేదు. చారు పోపు పెడితే దానికీ వాసన లేదు. వెన్నులోంచి చలి పుట్టింది, ఒళ్ళు వేడెక్కింది. భయమే అనుకున్నాను. గుల్ తివాచీలోంచి లేచింది, ఇంట్లో తిరుగుతూ వాసనలన్నీ పీల్చేస్తోంది అని తేల్చేశాను. నవ్వకండి. ఆ గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే మీరూ తేల్చేవాళ్ళే.

మాది గుంటూరు. మా దగ్గర అన్నిటికీ ఒకటే మందు. గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు తీసుకుని తివాచీ చుట్టూ తిప్పాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇరాను దిష్టి, పో!" అని తెచ్చి స్టవ్ మీద పెనంలో పడేశాను.

దిష్టి లెక్క మీకు తెలుసుగా? మిరపకాయలు కాలుతుంటే ఘాటొస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు. నల్లగా పొగ లేస్తోంది. నాకు రవ్వంత ఘాటు లేదు. కళ్ళు మాత్రం కాస్త చెమర్చాయి, భక్తి అనుకున్నాను.

"అమ్మో, ఎంత దిష్టి!" అని ఇంకో గుప్పెడు వేశాను. లేదు. డబ్బా బోర్లించాను. లేదు!

నిత్య దగ్గుతూ మెట్లు దిగింది. "మమ్మీ! ఐ కాంట్ బ్రీద్!"

"ఓసి నా తల్లో, నిన్నూ పట్టిందా!" అని దానికీ ఓ తిప్పు తిప్పబోయాను. పొగ అలారం కూసింది. తలుపులన్నీ తీశాను. తీస్తే ఏముంది, మా గుంటూరు ఘాటంతా వీధిలోకి వెళ్ళింది. గోడవతల మోరా ఆంటీ దగ్గు. ఉత్తరాలు తెచ్చినాయన దగ్గు. ఎదురింటివాళ్ళు దగ్గు. ఒకళ్ళనొకళ్ళు హంతకుల్ని చూసినట్టు చూసుకుంటూ తలుపులేసుకున్నారు.

నిత్య తండ్రికి వీడియో కాల్ చేసేసింది.

"సుధా, ఏం కాలుస్తున్నావు?"

"మిరపకాయలండీ. డబ్బా మొత్తం వేసినా ఘాటే రావట్లేదు!"

ఆయన నవ్వలేదు. "పిల్ల దగ్గుతోంది. నీకు తెలియట్లేదా?"

"లేదండీ."

"ఇంగువ డబ్బా తియ్యి. వాసన చూడు."

మూత తీసి ముక్కు దూర్చాను. పిసరంత వాసన కూడా లేదు. ఆయన ముఖం చూశాను. గుల్ నాకు చూపించిన భయమంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

పరీక్షలో నాకు కరోనా అని తేలింది. ఆదివారం ఆయన వచ్చారు, గేటు బయటే నిలబడ్డారు. వానలో, కిటికీ అద్దంలోంచి చూసి చెయ్యి ఊపారు. "ఆ మిరపకాయలే లేకపోతే లోపలికి వచ్చేసేవాణ్ణి. మర్నాడు నా పేషెంట్లకి మోసుకెళ్ళేవాణ్ణి," అన్నారు ఫోన్లో. నేను అద్దానికి చెయ్యి ఆనించి భోరుమన్నాను.

కోలుకున్నాక గోడ దగ్గర మోరా ఆంటీకి క్షమాపణ చెప్పుకున్నాను. నావల్ల ఆవిడకేమైనా అయిందేమోనని అన్నాళ్ళూ నిద్ర లేదు. ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, గ్రాండ్‌గా ఉంది. గుల్ కథ మొత్తం చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆ తలా? మా కుక్క తినేసింది! నేనే స్వెట్టర్ ఊలుతో కుట్టాను."

సిగ్గుతో చచ్చాను. పాపం గుల్ తల పూర్తిగానే నేసింది! మొగుడు వచ్చే ఉంటాడు. ఎంత తేలికపడ్డానో! వెనక్కి తిరగబోతుంటే ఆవిడ గొంతు తగ్గించింది.

"అవునూ, మధ్యాహ్నాలు ఆ టక్ టక్ ఇంకా వస్తోందా?"

ఆ చప్పుడు సంగతి నేను ఎవరికీ చెప్పలేదని మీకు ముందే చెప్పాను. ఆవిడకీ చెప్పలేదు.

కాబట్టి మా ఇంగువ డబ్బా మీద ఒట్టేసి చెబుతున్నాను. ముందు ఇంగువ వాసన చూసుకోకుండా ఈ జన్మలో ఎవరికీ దిష్టి తీయను. తివాచీలకి అసలే తీయను. అది ఇప్పటికీ మా ముందు గదిలోనే ఉంది. మధ్యాహ్నాలు మాత్రం నేను వంటింట్లో కూర్చుంటున్నాను.