సూదుల పండుగనాడు సుత్తి

తొమె పుట్టినప్పుడు ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ కళ లేదు. అప్పటికే నలుగురు ఆడపిల్లలు. ఐదోది కూడా ఆడపిల్లేనని మంత్రసాని చెప్పగానే తండ్రి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడట. బిడ్డకు తొమె అని పేరు పెట్టారు. తొమె అంటే ఆపు అని. పిలుపు బిడ్డకే అయినా విన్నపం మాత్రం దేవుడికి: ఇక ఆపు స్వామీ అని. దేవుడు వినిపించుకోలేదు. ఆ తరువాత మరో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆ పేరు పెట్టుకున్న మనిషి కూడా బతుకులో ఏదీ ఆపిన పాపాన పోలేదు, ముఖ్యంగా నోరు.

ఇషికవ తీరంలోని ఆ పల్లెలో ఇంటింటి కొట్టంలోనూ దారానికి పురిపెట్టే యంత్రం ఉండేది. పట్టు కాదు, నూలు కాదు. ఫ్యాక్టరీలో రసాయనాలు కరిగించి తీసిన దారం, ముందు నైలాన్, తరువాత పాలియెస్టర్. అది వచ్చిన రూపంలోనే ఉంటే దువ్విన జుట్టులా జారిపోతుంది. కండెలను కదుళ్ళకు తగిలించి గిర్రున తిప్పి పురి ఎక్కిస్తే గానీ ఒంటిమీద నిలిచే గుడ్డ కాదు. పురి ఎక్కిన దారం మళ్ళీ ఊరికే కూర్చోదు. కాస్త వదులు దొరికితే చాలు, తన చుట్టూ తానే మెలిపడి చిక్కుముడై పోతుంది. అందుకని కండెలను ఇనప పెట్టెలో పెట్టి ఆవిరి పడతారు. ఆవిరికి దాని పొగరు దిగుతుంది. ఆ పనిని అక్కడ యొరిదొమె అంటారు, పురి ఆపడం అని. ఊరి కుర్రకారుకు ఇంతకంటే ఏం కావాలి? తొమెకు 'యొరిదొమె అవ్వ' అని బిరుదు తగిలించారు. ఏ ఆవిరికీ ఆమె పురి దిగదని దాని భావం. ఎదుటపడి అలా పిలిస్తే పలికేది, వెనక నుంచి పిలిస్తే మాత్రం చేతిలో ఏది ఉంటే అది విసిరేది.

యంత్రం తొమె అత్తింటికి వచ్చిన రోజున ఆవును కొట్టంలోంచి తోలి ఆమె పుట్టింటి వాళ్ళకు ఇచ్చేశారు. తొమె భర్త తొకుజీకి ఆవు మీదే ప్రాణం. ఇద్దామని పట్టుబట్టింది తొమె. ఆవు రోజుకు రెండు పూటలే పాలిస్తుంది, ఇది రాత్రీ పగలూ ఇస్తుంది అంది. కదుళ్ళు తిరగడం మొదలయ్యాక ఆ ఇంట్లో మామూలు గొంతుతో మాట్లాడిన వాళ్ళు లేరు. తొమెకు మాత్రం అది ఇబ్బందే కాలేదు, ముందు నుంచీ అరిచే మాట్లాడేది కాబట్టి.

అప్పట్లో పురి యంత్రాల వాళ్ళ సంఘం నుంచి నకదే అనే ఆయన తరచూ వచ్చేవాడు. తొకుజీతో కలిసి బియ్యపు సారా, సాకే తాగేవాడు, తొమె కాల్చిన ఎండు చేప నమిలేవాడు, వదినా వదినా అంటూ ఇల్లంతా తిరిగేవాడు. దేశమంతా దారం దారం అని అడుగుతోంది, ఇంకో వరస కదుళ్ళు వేయించండి అని చెప్పి వెళ్ళేవాడు. వేయించారు. మళ్ళీ వచ్చి ఇంకో వరస అన్నాడు. అదీ వేయించారు. తొకుజీ పోయాక కూడా తొమె యంత్రాన్ని ఆపలేదు. కొడుకు ఎయిజీకి పెళ్ళి చేసి, కొండ మీది ఊరి నుంచి వచ్చిన కోడలు ఫుసాయెకు మూడోనాడే తెగిన పోగు ముడివేయడం నేర్పింది.

అలాంటిది ఒక ఏడు సంఘం నుంచి ఇంకో రకం కబురు వచ్చింది. దేశంలో దారం మరీ ఎక్కువైపోయిందట. పురి యంత్రాలు మరీ ఎక్కువైపోయాయట. ప్రతి ఊళ్ళో కొన్ని పగలగొట్టాలట. అమ్ముకోవడానికి వీల్లేదు, మూలన దాచుకోవడానికి వీల్లేదు. సుత్తులతో ముక్కలు చేసి, ముక్కలైనట్టు ఫొటో తీసి పైకి పంపాలి.

ఎయిజీ ఒప్పుకుంటూ కాగితం మీద ఇంటి ముద్ర వేశాడు. అతను బస్సు డ్రైవరు. కొండ మలుపులో ఎదురొచ్చే లారీకి భయపడడు గానీ అమ్మకు భయపడతాడు. అందుకే ఆమె స్నానాల గదిలో వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్న సమయం చూసుకుని, తలుపు బయటి నుంచి ఆ సంగతి చెప్పి, చెప్పులు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. తొమె తొట్టిలోంచే తిట్టిన తిట్లకు నీళ్ళు చల్లారలేదని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు.

ఆ తరువాత ఆమె కనిపించిన ప్రతివాళ్ళనూ నిలదీసింది. చేపలమ్మే ఆవిడను, గుడి పూజారిని, ఆఖరికి పిల్లిని కూడా. పెంచమన్నది వాళ్ళే, ఇప్పుడు పగలగొట్టమనేదీ వాళ్ళేనా? మేం ఏం తప్పు చేశామని సుత్తి? దొంగ సొమ్మా ఇది? వినీ వినీ పిల్లి కూడా ఇంటికి రావడం తగ్గించింది. యంత్రం దక్కదని తొమెకు తెలుసు. ముద్ర పడ్డాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. కానీ ఇన్నాళ్ళు ఇంటికి అన్నం పెట్టిన దాన్ని సాగనంపే తీరు ఒకటుంటుందని, ఆ మర్యాద జరగనిదే కొట్టం గుమ్మం తొక్కనివ్వనని తేల్చి చెప్పింది.

అంతలో పగలగొట్టే తేదీ చెబుతూ కబురు వచ్చింది. చూస్తే అది సూదుల పండుగ రోజు. ఆ రోజున ఆడవాళ్ళు సూది ముట్టరు. ఏడాది పొడవునా విరిగిన సూదులను మెత్తటి సోయా జున్ను, అదే టోఫూ ముక్కలో గుచ్చి, గట్టి గుడ్డలు కుట్టి కుట్టి అలిసిపోయారు, ఇక మెత్తగా పడుకోండి అని దండం పెడతారు. తీపి ఉండలు పంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అలాంటి రోజున సుత్తులు పంపిస్తున్నారు.

ఆ ఉదయం సముద్రం మీద ఉరుములు, వాన తుంపరలో కలిసి మంచు. నకదే చిన్న లారీలో వచ్చాడు. తల నెరిసింది, పొట్ట పెరిగింది. వెంట పెద్ద సుత్తులతో ఇద్దరు కూలీలు, మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన. కొట్టంలో తొమె యంత్రానికి అడ్డంగా చాప వేసి, దాని మీద మెత్త వేసుకుని, నలుగురు చూసేలా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఊరు సగం గుమ్మం దగ్గర చేరింది. ఎయిజీ లేడు. ఆ రోజు బస్సు త్వరగా తీయాలన్నాడు.

నకదే గొంతు తగ్గించి, తేదీ పైనుంచి వచ్చింది, తన చేతిలో ఏమీ లేదని నచ్చజెప్పబోయాడు.

"పైనుంచా? పైన కూర్చున్నది దేవుడైతే ఇవాళ ఏ రోజో తెలిసుండేది" అంది తొమె. "విరిగిన సూదికే టోఫూ పెడతాం కదయ్యా. విరగని దాన్ని నువ్వు సుత్తితో కొడతానంటున్నావు."

"సూది వేరు, యంత్రం వేరు వదినా."

"ఎక్కడ వేరు? రెండూ దారం పట్టుకునేవే. ఇవాళ దీనికి సెలవు. దండం పెట్టి వెళ్ళు. రేపు రా."

టోఫూ చేసే సుకెజో గుంపు వెనక నుంచి తల పైకెత్తాడు. "అవ్వా, దీన్ని గుచ్చాలంటే నీళ్ళ ట్యాంకు అంత టోఫూ కావాలి. వారం ముందే చెప్పకపోయావా?" జనం నవ్వారు. కూలీలు కూడా నవ్వబోయి తొమె చూపు చూసి మానుకున్నారు.

నకదేకి చలి వేస్తోంది. తరువాతి ఊరు ఎదురుచూస్తోంది. ఊరి పేరూ యంత్రం నంబరూ సుద్దతో రాసిన పలక తీసి తొమె ముందు పెట్టి, ఇంటి పెద్ద దీన్ని పట్టుకుని యంత్రం పక్కన నిలబడాలి, ఇష్టపడి ఇచ్చినట్టు కాస్త మొహం ప్రసన్నంగా పెడితే ఫొటో బాగుంటుందని చెప్పాడు. తొమె పలకను తీసుకుంది, చూసింది, బోర్లా పెట్టి దాని మీద తన టీ గ్లాసు పెట్టింది.

"నా పెళ్ళి ఫొటోలోనే ప్రసన్నంగా లేను నేను. శవం పక్కన నవ్వమంటావా? కదుళ్ళు వేయించమని నా చేతి చేప తిన్న నోరే కదా అది. ఆ నోటితో ఒక్కసారి దీన్ని, ఇన్నాళ్ళు కష్టపడ్డావమ్మా అను. అంతే అడిగాను. దానికి కూడా పైవాళ్ళ అనుమతి కావాలా?"

ఊళ్ళో వాళ్ళు తలలు ఊపారు. తొమె గెలిచేలాగే ఉంది.

అప్పుడు ఫుసాయె లోపలికి వచ్చింది. ఫుసాయె ఎక్కడైనా నోరు విప్పడం ఆ ఊరు ఎరగదు. వచ్చినవాళ్ళకు టీ తెచ్చింది. పళ్ళెం కింద పెట్టి, లేచి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"అత్తయ్యా, పోయినేడు ఇదే రోజున నేనెక్కడున్నాను?"

"ఎక్కడుంటావు? ఇక్కడే."

"అంతకు ముందేడు?"

తొమె కింద మెత్త సర్దుకుంది.

"ఊరి ఆడవాళ్ళంతా తీపి తింటుంటే నేనిక్కడ పోగులు ముడేశాను. పెళ్ళయిన ఏడాదే సెలవడిగాను మిమ్మల్ని. మీరేమన్నారో గుర్తుందా? సూది వేరు, యంత్రం వేరు అన్నారు. ఇందాక ఈయనన్న మాటే, అక్షరం కూడా తేడా లేదు." ఫుసాయె గొంతు పెంచలేదు. కదుళ్ళు ఆగి ఉన్న కొట్టంలో పెంచాల్సిన అవసరమూ లేదు. "గోడ అవతల నా పసిపిల్ల గుక్క పెట్టి ఏడ్చినా నాకు వినపడేది కాదు. పక్కింటావిడ వచ్చి చెబితే వెళ్ళేదాన్ని. దండం మీరు పెట్టుకోండి అత్తయ్యా. నేను దీనికి పెట్టను."

ఎవరూ నవ్వలేదు. (ఆ పిల్లకు తరువాత అంత గొంతు రావడానికి కారణం ఆ ఏడుపులేనని ఇంట్లో ఇప్పటికీ అంటారు.)

తొమెకు చెవుల వెనక మంట పుట్టింది. ఫుసాయె అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది, ఆ పూట తిట్టి పోసేది. ఆ మాట తను అన్నది నిజం. ఏటేటా అన్నది. నేతవాళ్ళు దారం కోసం కబురు మీద కబురు పెడుతుంటే సెలవేమిటి అనుకుంది. పళ్ళెం వదిలిన కోడలి చేతులు కనిపించాయి. వేళ్ళ చివర దారం కోసిన చారలు, మానిన వాటి మీదే మళ్ళీ కోసినవి. రోజూ చూసే చేతులే అవి. యంత్రం కదుళ్ళలో ఏది వణుకుతోందో చప్పుడు వింటూనే చెప్పగల మనిషికి, ఈ చేతుల సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

క్షమించు అనే మాట తొమెకు రాదు. ఎవరూ నేర్పలేదు, ఆమె అడగలేదు. తెలిసిన విద్య కోపం ఒక్కటే కాబట్టి మెత్త మీది నుంచి లేచి, ఆ కోపాన్నే నకదే వైపు తిప్పింది.

"విన్నావా?"

"ఇది మీ ఇంటి విషయం వదినా" అన్నాడు నకదే.

"ఇంకో వరస, ఇంకో వరస అని వచ్చినప్పుడు ఎవరింటి విషయం? ఊళ్ళో ఎన్ని కదుళ్ళున్నాయో మీ సంఘం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వాటి ముందు ఎవరు నిలబడ్డారని ఒక్కనాడు అడిగావా? నేనూ అడగలేదు. నేనంటే మొద్దుని. నువ్వు టై కట్టుకున్నావు కదా."

ఆమె వంగి టీ పళ్ళెం ఎత్తింది. మోకాళ్ళు పటపటమన్నాయి. కూలీలకు, కెమెరా ఆయనకు, నకదేకి తనే గ్లాసులు అందించింది. చివరి గ్లాసు ఫుసాయె చేతిలో పెట్టింది. అత్త చేత్తో టీ అందుకోవడం ఎలాగో ఫుసాయెకు తెలియక రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుమ్మం దగ్గరి ఆడవాళ్ళు ఒకరి మోచేయి ఒకరు పొడుచుకున్నారు.

"యంత్రానికి సెలవు అడగను ఇక" అంది తొమె. "ఇవాళ సెలవు మా కోడలికి. ఇవాళ ఈ ఇంట్లో సుత్తి చప్పుడైతే ఆ సుత్తి ఎవరి నెత్తిన పడుతుందో నేను చెప్పలేను. టీ తాగి బయల్దేరండి."

నకదే గ్లాసు ఖాళీ చేశాడు. వెళ్ళేముందు ఒకసారి నడుం వంచి నమస్కరించాడు. తొమెకా, యంత్రానికా అన్నది తెలియలేదు గానీ అతను వంగిన వైపు మాత్రం ఫుసాయె ఉంది. తొమె అది గమనించి కూడా మెచ్చుకోలేదు, అంత ఆలస్యంగా వచ్చిన దండం ఎందుకన్నట్టు మొహం పెట్టింది.

ఫుసాయె లోపలికి వెళ్ళి కింద కుంపటి ఉన్న పొట్టి బల్ల మీది బొంతలోకి కాళ్ళు పెట్టి, కాసేపు నడుం వాలుద్దామని పడుకుంది. మధ్యాహ్నం సుకెజో టోఫూ తెచ్చాడు, తొమె అతన్ని గుమ్మంలోనే ఆపి చేతులతో సైగ చేసి పంపేసింది. ఎయిజీ సాయంత్రం వచ్చి తలుపు గట్టిగా జరిపాడని వీపు మీద ఒకటి తిన్నాడు. ఎందుకు తిన్నాడో అతనికి అడగాలనిపించలేదు, తినాల్సినవి చాలా ఉన్నాయని అతనికీ తెలుసు. ఫుసాయె లేవలేదు.

మర్నాడు పొద్దున్నే లారీ మళ్ళీ వచ్చింది. ఇంటి ముందు తొమె గొడుగు వేసుకుని నిలబడి ఉంది. నకదే నోరు తెరిచే లోపే వేలు పెదాల మీద పెట్టింది.

"లేవలేదు ఇంకా."

పైవాళ్ళకు మధ్యాహ్నంలోగా ఫొటో పంపాలని అతను గుసగుసగా మొరపెట్టుకున్నాడు. నిద్రపోయే మనిషిని ఫొటో కోసం లేపుతావా, నీకు తల్లీ చెల్లీ లేరా అని ఆమె కూడా గుసగుసగానే తిట్టింది. తొమె గుసగుసగా తిట్టడం అదే మొదలు, ఆ విద్య ఆమెకు అంత బాగా రాలేదు, మధ్యమధ్య దగ్గు వచ్చింది. కూలీలు సుత్తులు భుజాన వేసుకుని, తడి మంచులో కాళ్ళు మార్చుకుంటూ, లారీ తలుపు చప్పుడు కాకుండా వేసి, అలాగే నిలబడ్డారు.

పొద్దు కొంచెం పైకెక్కాక ఫుసాయె జుట్టు ముడి వేసుకుంటూ బయటికి వచ్చింది. చెంప మీద బొంత మడత అచ్చు పడి ఉంది. ముంగిట్లో ఇంతమంది మాటా పలుకూ లేకుండా నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, తొమె కూడా.

ఆమె కొట్టంలోకి నడిచి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక కదురు మీద ఆఖరి పోగు ముక్క వేలాడుతోంది, దాన్ని తెంపి కింద పారేసింది. బయటికి వచ్చి అత్త చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది.

"ఇటు రండి అత్తయ్యా, ముక్కలు తగుల్తాయి" అంది. తరువాత కూలీల వైపు తిరిగి, "ఇక కొట్టండి" అంది.