పాటకు వెలగని లైట్లు

ఎవరికైనా గాలి సోకిందని మా వీధిలో అంటే, ముందు జ్వరం ఉందేమో చూడమని చెప్పే మనిషిని నేను. కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఆన్ కాకపోతే కరెంటు చూస్తాను, కరెంటు ఉంటే వైరు చూస్తాను, వైరు బాగుంటే పార్టు మారుస్తాను. ఇంతకు మించి లోకంలో ఇంకేదో ఉందని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవాలని లేదు. అందుకే ఈ సంగతి తలుచుకుంటే భయం కన్నా చిరాకే ఎక్కువ.

నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందుగదే నా దుకాణం. వెనక వంటగది. మధ్యలో ఒక్క గోడ. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్.

మొన్నటి ఎండాకాలం కల్హేర్ నుంచి సంగమేశ్ అనే డీజే అతను వచ్చాడు. ఊరేగింపు బండి మీద పెట్టుకోవడానికి అద్దాల కేబినెట్ ఉన్న కంప్యూటర్ కావాలన్నాడు. లోపలి లైట్లు పాటకు తగ్గట్టు ఎగరాలి. డప్పు పడితే ఎర్రగా, పాట నెమ్మదిస్తే నీలంగా.

"చేస్తవా అక్కా? లేకుంటే హైదరాబాద్ పోత," అన్నాడు.

ఆడదానివి నీకేం వస్తదన్నది ఆ 'చేస్తవా'లోనే వినిపించింది. చేస్తానన్నాను. ఇది కుదిరితే చుట్టుపక్కల డీజే వాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. చెడితే ఆ మాట వాళ్ళ బండ్ల మీదే ఊరూరా తిరుగుతుంది.

బిగించడం ఇట్టే అయిపోయింది. లైట్లను నడిపే చిన్న పెట్టెకు వేలెడంత మైకు ఉంటుంది. అది చప్పుడు వింటే లైట్లు ఎగరాలి. పాట పెట్టాను. నీలం రంగులో అలాగే నిలబడిపోయాయి. సౌండు పెంచాను. కిటికీ అద్దాలు అదిరాయి గానీ లైట్లు కదల్లేదు. మైకు మార్చాను. పెట్టె మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. చప్పట్లు కొట్టాను, ఈల వేశాను, చివరికి నోటికొచ్చినట్టు తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సంగమేశ్ రావడానికి ఇంక ఒక్క రోజే ఉంది. ఆ పొద్దున వంటగదిలో జొన్న రొట్టెలు తడుతున్నాను. ముందుగదిలో చాయ్ తాగుతున్న మా ఆయన కేకేశాడు. "ఏయ్, నీ డబ్బా ఎలుగుతుందే!"

పరుగెత్తుకొచ్చాను. నీలమే. ఇప్పుడే ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిందన్నాడు. మళ్ళీ వెళ్ళి తట్టాను. "అగో, మల్ల!" అన్నాడు. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. హమ్మయ్య, మైకు వింటోంది అనుకున్నాను. ఉత్త పీట మీద అదే చేత్తో గట్టిగా కొట్టాను. వెలగలేదు. పాట పెట్టాను. వెలగలేదు. రొట్టెకే వెలుగుతోంది. అదీ ప్రతి దెబ్బకూ కాదు.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. ఆమె పోయి అప్పటికి ఏడాది కాలేదు. పక్షవాతంతో మాట పడిపోయాక ముందుగదిలో మంచం మీదే ఉండేది. చెవులు మాత్రం పాము చెవులు. గోడ అవతల నేను రొట్టె తడుతుంటే, చప్పుడును బట్టే అంచు పగిలిందని కనిపెట్టి చేతికర్రతో మంచం కోడు మీద టక్కున ఒక్కటి కొట్టేది. మాట ఉన్న రోజుల్లోనైతే, "ఉడుకు నీళ్ళు పొయ్యకుంటే పిండి ఎట్ల సాగుతదే?" అని అరిచేది. దుకాణం తెరిచే తొందరలో నేను గోరువెచ్చని నీళ్ళతోనే కలిపేదాన్ని. మరిగే నీళ్ళయితే చేతులు కాలతాయి మరి. కర్ర చప్పుడు రాలేదంటే రొట్టె బాగున్నట్టు. బాగుందని నోటితో గానీ సైగతో గానీ ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఆమె పోయాక మంచం తీసేసి అక్కడే నా బల్ల వేసుకున్నాను. సంగమేశ్ కంప్యూటర్ ఉన్నది ఆ బల్ల మీదే.

అయినా నేను ఊరికే ఏదీ నమ్మను. వెలిగినప్పుడల్లా "ఆ" అనమని మా ఆయనకు చెప్పి, నేను రొట్టెనే చూస్తూ తట్టాను. ఆయన "ఆ" అన్నప్పుడల్లా నా చేతి కింద అంచు పగిలి ఉంది. పగిలిన అంచు చప్పుడు వేరేమో, మైకు దాన్ని పట్టిందేమో అని సర్దిచెప్పుకోబోయాను. అంతలో ఆయన లేచి మైకు వైరు పీకేశాడు.

"ఇగ తట్టు," అన్నాడు.

తట్టాను. అంచు పగిలింది. గోడ అవతల నుంచి "ఆ" అన్నాడు, చాలా మెల్లగా. రొట్టె తినకుండానే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. తెల్లవారితే గిరాకీ వచ్చి నిలబడతాడు, ఇక్కడ చూస్తే ఈ తంటా. బతికున్నన్నాళ్ళూ నా రొట్టెకు వంక పెట్టింది చాలక ఇప్పుడు నా పని మీద కూడా కూర్చుందా అనిపించింది. నమ్మనివాళ్ళు అలా అనుకోకూడదు. కోపానికి అవన్నీ పట్టవు.

నీళ్ళు తెర్ల మరిగేదాకా కాగబెట్టి పిండిలో పోశాను. చేతులు కాలుతుంటే పళ్ళు బిగబట్టి పిసికాను. ఫోన్‌ను లైట్ల వైపు తిప్పి వీడియో పెట్టి వచ్చి తట్టాను. రొట్టె పీటంతా సాగింది, అంచు చెక్కుచెదరలేదు. వీడియో చూసుకుంటే అంతసేపూ నీలమే.

మైకు వైరు తిరిగి పెట్టి పాట వేశాను. లైట్లు ఎగిరాయి. డప్పుకు ఎరుపు, నెమ్మదిస్తే నీలం. నేను ఏ సెట్టింగూ ముట్టుకోలేదు.

మర్నాడు సంగమేశ్ వచ్చి చూసి, "మస్తు చేసినవక్కా," అని పట్టుకుపోయాడు. జరిగినదేదీ అతనికి చెప్పలేదు. మా ఆయన ఆ ఊసే ఎత్తడు.

పెళ్ళిళ్ళ కాలం అయిపోయాక సంగమేశ్ ఫోన్ చేశాడు. "అక్కా, పాటలకైతే మంచిగనే ఎగురుతున్నయి. గని ఇంట్ల పెడితె పొద్దుగాల ఊకెనే తెల్లగ ఎలుగుతుంది. పాట లేదు, ఏం లేదు."

నేను అడిగాను. "ఆ యాళ్లకు ఇంట్ల ఏం చేస్తుంటరు?"

"ఏం చేస్తరు? నా పెండ్లాం రొట్టెలు చేస్తది."

"అంచులు పగులుతున్నయా అడుగు."

అడిగినట్టున్నాడు. అవతల ఒక ఆడమనిషి విసుక్కోవడం వినిపించింది. "అవునంటుంది. నీకెట్ల తెలుసక్కా?"

"ఉడుకు నీళ్ళు పోసి కలపమను," అని పెట్టేశాను. కొన్నాళ్ళకు నేనే ఉండబట్టలేక ఫోన్ చేసి అడిగాను. పొద్దున తెల్లగా వెలగడం ఆగిపోయిందని చెప్పాడు.

ఏ వైరు ఎక్కడ తగిలితే ఇలా అవుతుందో తెలిసినవాళ్ళు చెబితే వింటాను. నాకైతే ఇప్పటికీ అంతు పట్టలేదు. ఈమధ్య ఒక రోజు కావాలనే గోరువెచ్చని నీళ్ళతో పిండి కలిపాను. అంచు పగిలింది. ముందుగదిలోకి వెళ్ళి చూశాను. బల్ల మీద అలాంటిదే ఇంకో కేబినెట్ ఉంది, ఇంకో డీజే వాళ్ళది. వెలగలేదు. ఇంకోసారి తట్టి వచ్చి చూశాను. లేదు. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా రొట్టె బాగుందని ఒక్కసారైనా చెప్పకుండానే మా అత్త కల్హేర్ వెళ్ళిపోయింది.