అగత్తి నాకు, బంగారం వదినకు

మొన్న మంగళవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, మదనపల్లెలో నేనుండే ఇంటి ముందు గదిలో కాఫీ గ్లాసు పట్టుకొని కూర్చుని ఉండగా, టీవీలో ఒక అమ్మాయి ఆనాటి బంగారం ధర చదివింది. ఆ మాట వింటే నా ఈడు ఆడవాళ్లకు చేతి గాజులో, మనవరాలి పెళ్లో, బ్యాంకు లాకరో గుర్తుకు రావాలి. నాకు మాత్రం నీళ్లు గుర్తుకొస్తాయి. లేత పచ్చటి నీళ్లు, వాటి నడుమ తెల్లటి ఇసుక, ఆ ఇసుక మీద కాళ్లు చాపుకొని తీరిగ్గా కూర్చున్న మా వదిన. ఆ దృశ్యాన్ని నేనెన్నడూ చూడలేదు, మా వదినా చూడలేదు. చూడాలని మాత్రం ఇద్దరం కలిసి ఏడాదిన్నర పాటు ఏర్పాట్లు చేసుకున్నాం.

అదంతా 1996 నవంబరు 17న, ఆదివారం సాయంత్రం, కుప్పం రైల్వే స్టేషన్‌లో మొదలైంది. అప్పుడు నేను కుప్పంలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పెళ్లి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదన్నది ఇక్కడ అక్కర్లేని సంగతి. ఒక గది, ఒక వంటిల్లు, ఒక కంచం, ఒక గ్లాసు. మా అన్న ఇల్లు పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో ఉన్న పల్లెలో. ఆ ఇంట్లో మా అమ్మ, ఇద్దరు అన్నల సంసారాలు, జీతగాళ్లు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, అందరికీ కలిపి పూటకు పద్నాలుగు కంచాలకు తక్కువ లేవలేదు. ఆ పద్నాలుగింటికీ వడ్డించేది మా పెద్దన్న భార్య, నేను చెప్పే మా వదిన. ఆమె కోడలుగా వచ్చేనాటికి నేను ఆరో తరగతి చదువుతున్నాను కాబట్టి నన్ను పాపా అని పిలవడం మొదలుపెట్టి, నాకు నలభై దాటినా ఆ పిలుపు మార్చుకోలేదు.

ఆ నవంబరులో ఆమెకు పన్ను నొప్పి వచ్చి, కుప్పంలో మంచి డాక్టర్ ఉన్నాడని నా దగ్గరికి వచ్చి మూడు రోజులుంది. ఆదివారం సాయంత్రం ఊరికే నడుద్దామని స్టేషన్ దాకా వెళ్లాం. మా ఊళ్లో రైలు లేదు కాబట్టి ఆమెకు ప్లాట్‌ఫారమే ఒక విహారం. రైళ్ల వేళలు రాసిన బోర్డు ముందు నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివి, ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ అంటే ఏందని అడిగింది. బెంగళూరు నుంచి కేరళకు పోయే ఆ బండిని కుప్పంలో అందరం ఐలాండు అనే అంటాం, ఆ పేరుకు ఒక అర్థం ఉందని అంతవరకూ నాకే తట్టలేదు. ఐలాండంటే దీవి అని చెప్పాను. దీవంటే చుట్టూ నీళ్లు కదా, దాని మీదికి రైలు ఎట్లా పోతుందని ఆమె నవ్వింది. పక్కనే పుస్తకాల బండి మీద ఒక వారపత్రిక కొన్నాను. ఇంటికి వచ్చి తిరగేస్తే, ఆ దీవుల మాట ఇంకా నోట్లో ఉండగానే, లక్షద్వీపాల మీద నాలుగు పేజీల వ్యాసం రంగు బొమ్మలతో కనిపించింది.

అందులో రెండు దీవులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అగత్తి. మునక్కాయలా సన్నగా, పొడుగ్గా ఉండే ఆ దీవి నిండా మనుషులే. ఇళ్లు, మసీదులు, బడి, కొబ్బరి పీచు తాళ్లు పేనే ఆడవాళ్లు, చేపలు ఎండబెట్టే మగవాళ్లు, ఇరుకు సందుల్లో సైకిళ్లు. అక్కడి నుంచి పడవ మీద కొంతసేపు పోతే రెండోది. దానిలో ఊరు లేదు, ఇళ్లు లేవు, యాత్రికుల కోసం వేసిన కొద్ది పాకలు తప్ప ఇంకేమీ లేదు. కొబ్బరి చెట్లు, ఇసుక, నడుమ ఒక మడుగు. దాని పేరు బంగారం.

ఆ పేర్లు చదవగానే మా వదిన పుక్కిట పట్టిన మందు కూడా మింగేసి నవ్వింది. అవిసాకును మా సరిహద్దు ఊళ్లలో తమిళంలో లాగే అగత్తి అంటారు. ఒక దీవికి ఆకుకూర పేరు, ఇంకోదానికి బంగారం పేరు. ఆకుకూర నువ్వు తిను పాపా, బంగారం నాకియ్యి అంది. అలా మొదట తమాషాగానే మేము దీవులు పంచుకున్నాం. తర్వాత ఆమె బంగారం బొమ్మను చాలాసేపు చూసింది.

"ఆ దీవిలో మనుసులే ఉండరా?"

పనివాళ్లు మాత్రం ఉంటారని చెప్పాను.

"మరి వండేదెవురు?"

వాళ్లే వండుతారు, మనం కూర్చుంటే తెచ్చి పెడతారు అన్నాను.

"నేను కూసోని ఉంటే నాకు తెచ్చి పెడతారా!" అని, పత్రికను మడిచి తన సంచిలో పెట్టుకుంది.

నాకు బంగారం మీద పెద్దగా మనసు పోలేదు. మనుషులు లేని చోటు నాకు కొత్త కాదు, రోజూ బడి వదిలాక నేను వెళ్లేది అలాంటి చోటికే. నాకు అగత్తి సందుల్లో నడవాలని ఉండేది. అరుగుల మీద తాళ్లు పేనుతున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని, భాష రాకపోయినా వాళ్ల మాటల చప్పుడు వినాలని ఉండేది. ఒకే ప్రయాణంలో ఒకరికి మనుషులు కావాలి, ఒకరికి మనుషులు వద్దు. దేవుడు ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు కాబట్టి, రెండు రాత్రులు నీ దానిలో, రెండు రాత్రులు నా దానిలో అని ఒప్పందం చేసుకున్నాం.

ఇక ఏర్పాట్లు నా వంతు. కుప్పంలో ఐలాండు ఎక్కితే తెల్లారి కొచ్చి వైపు దిగవచ్చు. అక్కడ ఓడ. ఆ దీవులకు వెళ్లాలంటే అనుమతి కాగితం కావాలి. వానలు మొదలైతే పడవలు తిరగవు, మా బడికి సెలవులు ఏప్రిల్ చివర ఇస్తారు, కాబట్టి మాకు దొరికేది మే నెల మొదటి పది రోజులే. మొదటి ఏడు మా అమ్మకు జబ్బు చేసి కుదరలేదు. 1998 మే అని గట్టిగా అనుకున్నాం. నా జీతంలో మిగిలింది నేను దాచాను, వదిన తన రెండు బర్రెల పాల డబ్బు దాచింది. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. బర్రెలను, టమేటా తోటను, పద్నాలుగు కంచాలను వదిలిపెట్టి ఊరికే ఇసుకలో కూర్చోవడానికి పోతానని ఏ ఇల్లాలు ఆ రోజుల్లో నోరు తెరిచి చెప్పగలదు? తిరుపతి అంటే చెప్పవచ్చు, ధర్మస్థల అంటే చెప్పవచ్చు. దేవుడు లేని చోటికి ప్రయాణమని చెప్పడానికి మాటే లేదు. టిక్కెట్లు చేతికి వచ్చాక నేనే వచ్చి అన్నను అడగాలని నిర్ణయించుకున్నాం.

1997లోనే అన్న వాళ్ల ఇంట్లో ఫోన్ పెట్టించారు. నడవలో గోడ పక్కన బల్ల మీద, ఎంబ్రాయిడరీ గుడ్డ కింద ఉండేది. నేను ఆదివారాలు కుప్పం బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నుంచి చేసేదాన్ని. ఆ వేళకు మా అన్న అక్కడే మంచం మీద పడుకొని ఉండేవాడు. దీవి అంటే దొరికిపోతాం. అందుకని వదిన ఆ పేరు ఒక్కటే వాడేది. బంగారం సంగతి ఏమాయె పాపా అనేది. బంగారం దొరకడం కష్టమా అనేది. ఒకసారి, ఖర్చు ఎక్కువవుతోంది, అగత్తి ఒక్కటే చూసి వద్దామా అని నేనంటే, ఆమె గొంతు మారిపోయింది. బంగారం లేకపోతే నాకేమీ వద్దు, ఇన్నేండ్లకు అదొక్కటే అడిగినా అంది. నడవలో మంచం మీద పడుకున్న మనిషి నిద్రపోవడం లేదని మా ఇద్దరికీ తోచలేదు.

1998 ఏప్రిల్ 17, శుక్రవారం. బడి కాగానే కుప్పం నుంచి బయలుదేరి, బైరెడ్డిపల్లె, పలమనేరు మీదుగా బస్సులు మారి, సాయంత్రం ఏడింటికి అన్న ఇల్లు చేరాను. నా సంచిలో అనుమతి కాగితాలు, రైలు టిక్కెట్లు ఉన్నాయి. దారంతా అన్నతో ఏ మాట ముందు అనాలో, ఏది తర్వాత అనాలో వరస పెట్టుకుంటూ వచ్చాను.

అన్న నాకంటే పది నిమిషాలు ముందు మదనపల్లె మార్కెట్ నుంచి వచ్చాడు. ఆ వారం టమేటాకు మంచి ధర పలికింది. కాళ్లు కూడా కడుక్కోకుండా, నన్ను చూసి, "నువ్వూ వచ్చినావా, మంచిదయింది, ఈమె గుట్టు తెలిసింది నీకే గదా" అని వదినను వంటింట్లోంచి కేకేశాడు. చొక్కా లోపలి జేబులోంచి ఎర్ర కాగితం పొట్లం తీశాడు. అందులో రెండు సవర్ల గొలుసు.

"ఇందమే, నీ బంగారం" అన్నాడు. "పెండ్లయిన కాడ్నించి ఒక్కటి అడగలే. ఇప్పుడడిగినావు, అదీ నన్ను గాదు, నా సెల్లెల్ని. మొగోడు ఇంట్లో ఉండంగా ఆడబిడ్డను బంగారం అడగాల్సి వచ్చె గదా అని ఎన్ని దినాలు మనసు కుతకుత ఉడికిందో నీకేం తెలుసు?"

నేను సంచిని గట్టిగా పట్టుకొని నిలబడ్డాను. వదిన ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత తడి చేతులు కొంగుకు తుడుచుకొని, తల వంచి, మీరే వేయండి అంది. మా అన్నకు కొక్కెం పెట్టడం రాలేదు, మూడుసార్లు జార్చాడు. చుట్టూ చేరిన చిన్నన్న పిల్లలు నవ్వారు. మంచంలోంచి మా అమ్మ కూడా నవ్వింది.

పాలు పితికే నెపంతో వదిన బర్రెల కొట్టంలోకి పోయింది. నేను వెనకే పోయి, నవ్వులాటగానే చెప్పేద్దాం వదినా, గొలుసు గొలుసే, ప్రయాణం ప్రయాణమే, టిక్కెట్లు నా దగ్గరే ఉన్నాయి అన్నాను. ఆమె బర్రె పొదుగు మీద నీళ్లు చల్లుతూ తల తిప్పలేదు.

"సెప్పొద్దు పాపా. అది దీవి అని తెలిస్తే ఆయప్ప తల యాడ పెట్టుకుంటాడు? మీయన్న మొగం సూసినావా? పెండ్లి పీటల మీద సూసినా ఆ మొగం. మల్లా ఈ పొద్దే సూస్తాండా."

"మరి నీ బంగారం?"

"ఇదిగో, మెడలో ఉండాది గదా" అని నవ్వింది. ఆ నవ్వులో సగమే ఆమెది.

సోమవారం టిక్కెట్లు వాపసు ఇచ్చాను. నువ్వన్నా పోయిరా అని ఆమె రెండుసార్లు అంది గానీ, నేను పోలేదు. నాకు కావలసింది మనుషులున్న దీవి మాత్రమే కాదు, అక్కడ నా పక్కన నడుస్తూ, పరాయి ఆడవాళ్ల చేతుల్లో తాళ్లు చూసి వెక్కిరించే మా వదిన కూడా. ఆ తర్వాత ఫోన్‌లో ఆమె ఆ మాట వాడడం మానేసింది.

2003లో కరువు. మా వైపు బావులన్నీ అడుగంటాయి. అప్పటికే అమ్మ పోయి, ఉమ్మడి ఇల్లు విడిపోయింది. చిన్నన్న సంసారం మదనపల్లె చేరింది. అన్న బోరు వేయించాలన్నాడు. వదిన ఎవరూ అడగకముందే గొలుసు తీసి ఇచ్చింది. బోరు బండి రెండు రోజులు తవ్వింది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అన్న గట్టు మీద కూలబడి, నీ బంగారాన్ని మన్నులో పోసినానే అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదిన పక్కన కూర్చుని అతని వీపు నిమురుతూ, "ఏడవాకు. బంగారం యాడికీ పోలేదు. అది యాడుండాల్నో ఆడే ఉండాది" అంది. ఎంత పెద్ద మనసని అన్న ఇంకా ఏడ్చాడు. నేను పక్కకు తిరిగి దుమ్ము పడినట్టు కళ్లు తుడుచుకున్నాను.

అన్న 2006లో పోయాడు. మరుసటి ఏడు నేను రిటైరయి, వదిన దగ్గరికి వెళ్లి, ఇప్పుడు పోదామా నీ బంగారానికి అని అడిగాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె వంటింటి గడపలో ఒక కంచం, ఒక గ్లాసు బోర్లించి ఉన్నాయి.

"ఇంగ ఆడికెందుకు పాపా, మనుసులు లేని సోటు ఈడే ఉండాది" అంది. మళ్లీ తనే, "పోతే నీ అగత్తికే పోదాం. ఆడ ఆడోళ్లు మాట్లాడతా ఉంటారంటివి గదా" అంది.

ఆ శీతాకాలం పోనీ, ఆమె మోకాళ్లు కుదుటపడనీ అనుకుంటూ ఏడాది దాటించాం. 2009 ఫిబ్రవరిలో ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆడపిల్లలు ఎక్కడికి పోవాలనుకున్నా పేరు పెట్టి చెప్పి పోతున్నారు, మంచిదే. ఎవరి ఫోన్ వాళ్ల చేతుల్లో ఉంది, మాటలకు ముసుగు వేయాల్సిన పని లేదు. నడవలో పడుకొని సగం మాటలు విని, తప్పుగా అర్థం చేసుకొని, టమేటాలు అమ్మిన డబ్బుతో పరుగెత్తుకొచ్చే మనిషి కూడా లేడు. రెండూ ఒకేసారి దొరకవేమో. మా వదిన ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుంది. సరిగ్గానే ఎంచుకుందని కొన్ని రోజులు అనిపిస్తుంది, కొన్ని రోజులు అనిపించదు.

మొత్తం మీద పోయినవి ఇవి. రెండు సవర్ల గొలుసు. నీళ్లు పడని బోరు ఒకటి. ఆమె దీవిలో రెండు రాత్రులు, నా దీవిలో రెండు రాత్రులు. మా అన్న. పాపా అనే పిలుపు.