అప్‌లోడ్ కోసం నేను చేసిన పోరాటం

నిన్న మధ్యాహ్నం నుంచి మేష్టారు నాతో మాట్లాడలేకపోతున్నారు. కోపం వల్ల కాదు. నా మొహం చూసి నోరు తెరిస్తే చాలు, ఆయనకి నవ్వొస్తోంది. క్లాసులో పళ్లు కనిపించని మనిషని పేరున్న ఫిజిక్స్ మేష్టారు, రిటైరయ్యాక నా వల్ల ఇలా అయిపోయారు. నాకు మాత్రం ఇంకా షాక్ తగ్గలేదు. ఏం జరిగిందో మీరే వినండి.

అనంతగిరిలో మా హామ్ రేడియో క్లబ్ ఉంది, లైసెన్స్ తీసుకుని సొంత రేడియోల్లో మాట్లాడుకునేవాళ్లది. క్లబ్ అంటే మేష్టారు, నేను, ఒక గది, గది మీద ఒక డిష్. ఆ డిష్ ఎదురుగా కొండ మీదున్న జమున వాళ్ల ఊరి వైపు చూస్తుంది. అక్కడ జమున ఇంటి ముందు గుంజకి ఇంకో డిష్, సోలార్ బ్యాటరీ, చిన్న కెమెరా ఉన్నాయి. వానాకాలంలో ఆ ఊళ్లో ఫోన్లు చచ్చిపోతాయి. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా కిందికి కబురందించే దారి మా లింకొక్కటే. జమున లైసెన్స్ పరీక్ష రాసి, ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసైంది. ఆ ఊరికి ఆపరేటర్ ఆమే.

నిజంగా ఆపదొస్తే లింకు పనిచేస్తుందో లేదో చూడ్డానికి శనివారం మాక్ డ్రిల్ పెట్టారు. కొండ మీద నుంచి జమున మాట, బొమ్మ తెగిపోకుండా మా గదికి చేరాలి. చేరితే సరే, లేకపోతే ఆ గుంజా బ్యాటరీ విప్పి వేరే ఊరికి ఇచ్చేస్తామని మండలం ఆఫీసరు చెప్పేశారు.

సరిగ్గా ఆ వారంలోనే జమున వైపు నుంచి వచ్చే అప్‌లోడ్ పడిపోయింది.

విచిత్రం ఏమిటంటే మేం పంపేది పైకి బాగానే వెళ్తోంది. జమున పంపేదే కిందికి రావడం లేదు. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, జమున సగం మొహం ఒకచోట, మిగతా సగం ఇంకోచోట కనబడుతోంది. మాట కూడా ఒకసారి వస్తే రెండుసార్లు రావడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చూశారా మేష్టారూ, ఆఫీసుల నుంచి ఆదేశాలు వెళ్లడానికి దారి ఉంది. అట్టడుగు మనిషి గొంతు రావడానికి దారి లేదు. ఇది స్పీడ్ సమస్య కాదు, వ్యవస్థ సమస్య."

మేష్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు. "ఒరే, పైన ఉన్నది సోలార్ బ్యాటరీ. అందుకే అక్కడ పవర్ తగ్గించి పెట్టాం. మనం గట్టిగా అరుస్తున్నాం, ఆ పిల్ల మెల్లగా మాట్లాడుతోంది. మధ్యలో ఏదైనా అడ్డమొస్తే ముందు పోయేది మెల్లగా మాట్లాడేవాళ్ల మాటే."

"నేను పుస్తకాల్లో చదివింది కూడా అదే కదండీ."

"నీ పుస్తకాలు అటు పెట్టు. ఈ మధ్య ఏమైనా మార్చావా?"

"ఏమీ మార్చలేదు." గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. రేడియోలో నేను నిజంగానే ఏమీ మార్చలేదు.

ముందు వాన మీద అనుమానం పడ్డాం. మర్నాడు ఎండ కాసింది, అప్‌లోడ్ అలాగే ఉంది. కేబుల్ మార్చాం. సెట్టింగులన్నీ తిరగేశాం. చానల్ మార్చాం. ఏం లాభం లేదు. అప్పుడు నా బుర్రలో మెరిసింది. రోడ్డు మలుపులో కొత్తగా రిసార్ట్ పెట్టారు. గేటు మీదే ఫ్రీ వైఫై అని బోర్డు. ఆ తరంగాలే మా లింకుకి అడ్డం పడుతుండాలి. గిరిజనుల గాలిని కూడా పెట్టుబడి ఆక్రమించేసిందన్నమాట.

"మేష్టారూ, నేను వెళ్తున్నాను."

"ఎక్కడికి?"

"శత్రువు దగ్గరికి."

రిసార్ట్ మేనేజర్ నా వయసువాడే, విజయనగరం వైపు కుర్రాడు. నేను లోపలికి వెళ్తూనే మొదలుపెట్టాను. మీ వైఫై ఒక ఊరి గొంతు నొక్కుతోందన్నాను. భూమి, నీరు, అడవి అయ్యాయి, ఇప్పుడు తరంగాలా అన్నాను. అతను అంతా విని, కుర్చీ లాగి, కాఫీ తెప్పించాడు.

"ఏటి సార్, మా వైఫైయా? అది మా రిసెప్షన్ దాకానే రాదు. పొద్దుట్నించి గెస్టులు నన్ను తిడతన్నారు. మీకు డౌటుంటే ఆపేత్తాను, సూసుకోండి."

ఆపేశాడు. మేష్టారికి ఫోన్ చేశాను. "ఏమైనా మారిందా?"

"ఏమీ మారలేదు. కాఫీ తాగుతున్నావా? చప్పుడు వినిపిస్తోంది."

ఈలోగా ఇద్దరు గెస్టులు వచ్చి వైఫై ఏదని మేనేజర్ మీద పడ్డారు. అతను నా వైపు చూశాడు. నేను ఆ గెస్టుల్ని కూర్చోబెట్టి అతని పనిగంటల గురించి ఉపన్యాసం ఇచ్చాను. పాపం, అతను చేతులు జోడించి నన్ను గేటు దాకా దిగబెట్టాడు.

శుక్రవారం పొద్దున్న, అదృష్టం కొద్దీ, జమున మాట ఒక్క నిమిషం తెగకుండా వచ్చింది. "అన్నా, బేగి ఒకపాలి పైకి రా. ఆ బోర్డు సూడాల నువ్వు."

ఆ బోర్డు గురించి మీకు చెప్పలేదు కదూ. హామ్ రేడియోలో రాజకీయాలు మాట్లాడకూడదు, లైసెన్స్ పోతుంది. నేను మాట్లాడబోయినప్పుడల్లా మేష్టారు మైకు లాక్కునేవారు. గాలిలో మాట్లాడనివ్వకపోతే రేకు మీద రాస్తానని పంతం పట్టాను. తలుపంత రేకు కొని, ఎర్ర రంగు వేసి, తెల్లటి అక్షరాలతో 'మా గొంతుకు అడ్డెవ్వరు?' అని రాశాను. అరకు వెళ్లే ప్రతి టూరిస్టుకీ కనబడేలా జమున వాళ్ల గుంజకి కట్టించాను. ఎంత బాగా కుదిరిందో చూడమంటోంది కాబోలు అనుకున్నాను.

"చూస్తాను జమునా, డ్రిల్ అయ్యాక అందరం కలిసి చూద్దాం."

"అది కాదన్నా..." అని మాట మళ్లీ పోయింది.

మేష్టారు చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. "ఏం బోర్డురా?"

చెప్పాను. ఆయన లేచి చెప్పులేసుకున్నారు. "పద" అన్నారు.

కాఫీ తోటల మధ్య నుంచి ఎక్కాం. ఆయన ముందు, నేను వెనక. జమున ఇల్లు దాటి గుంజ ఎదుటికొచ్చి తలెత్తాను. అలాగే నిలబడిపోయాను.

డిష్ కనబడటం లేదు. సగానికి పైగా నా రేకు వెనకుంది. అంచు మాత్రం అమాయకంగా పైకి తొంగిచూస్తోంది. దాని ముందు, నా చేతిరాతలో, నా ప్రశ్న.

అప్పుడు గుర్తొచ్చింది. బోర్డు కట్టిన రోజు నేను పైకి ఎక్కలేదు. రోడ్డు మీద నిలబడి చేతులూపుతూ కేకలు వేశాను. జమున సంతకి వెళ్లింది. వాళ్ల నాన్నే నిచ్చెనెక్కాడు. చెట్ల కొమ్మలు అడ్డొచ్చి రోడ్డు మీదికి అక్షరాలు కనబడటం లేదు.

"ఇంకా పైకి," అని అరిచాను.

"ఇంకా పైకేటి బాబూ? సాలదా?"

"ప్రజల గొంతు ఎంత పైకి లేస్తే అంత మంచిది. ఇంకా పైకి."

"ఇక్కడేదో తగల్తాంది బాబూ."

"తగలనీ. గాలికి కదలకుండా ఉంటుంది."

ఆ తగిలింది డిష్. ఆ సాయంత్రం నుంచే అప్‌లోడ్ పడిపోయింది.

"నువ్వైనా తీసేయొచ్చు కదమ్మా" అన్నాను జమునతో, నా గొంతు నాకే వినపడకుండా.

"అదేనో కాదో నాకూ తెల్దన్నా. అందుకే సూడమన్నాను. మా నాన్న తీసేద్దారన్నాడు, నేనే వద్దన్నాను. అంత కట్టపడి రాసుకున్నావు, ఫీలైపోతావని."

వాళ్ల నాన్న నిచ్చెనెక్కి నాలుగు కట్లు కోశాడు. రేకు కింద పడింది. ఇంట్లో తెర మీద అప్‌లోడ్ అంకె గబగబా పైకెక్కింది. మేష్టారు గోడ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. అదే నేను చేసిన రెండో తప్పు. అప్పుడు మొదలైన నవ్వు దారంతా వచ్చింది.

నిన్న శనివారం. మా గదిలో మండలం ఆఫీసరు, ఊరి పెద్దలు, మధ్యలో తెర. జమున అద్దంలో కనబడినంత స్పష్టంగా వచ్చింది. ఊళ్లో ఎవరికి జ్వరం, ఎక్కడ దారి తెగింది, ఏ మందులు కావాలి, అన్నీ తడబడకుండా చెప్పింది. ఒక్క మాట తెగలేదు. ఆఫీసరు తలూపి, గుంజ అక్కడే ఉంటుందన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. లేచాను కూడా.

అంతలో తెర మీద జమున వెనకాల ఏదో కదిలింది. వాళ్ల నాన్న మంచి రేకు పారేసే మనిషి కాదు. కోళ్ల గూటికి తలుపు చేసేశాడు. ఎర్ర రంగు, తెల్ల అక్షరాలు, తలకిందులుగా. ఆ తలుపు తోసుకుని ఒక పుంజు బయటికొచ్చి, కెమెరా వైపు చూసి, మెడ సాచి కూసింది. ఆ కూత ఒక్క ముక్క కూడా తెగకుండా అనంతగిరి చేరింది.

ఆఫీసరు మెడ వంచి, కూడబలుక్కుంటూ చదివారు. "మా... గొంతుకు... అడ్డెవ్వరు? ఎవరండీ అడ్డు?"

మేష్టారు నోరు తెరవబోయి, మూసుకుని, వేలెత్తి నా వైపు చూపించారు.